ఫీజు డబ్బుతో ఏసీ కొనాలా?

ప్రశ్న: మాది అనంతపురం. మా ఆయన తాపీ మేస్త్రీ. అమ్మాయి ఇంటర్ రాసి, ఈఏపీసెట్‌కు చదువుతోంది. బ్యాంకులో రూ.2.10 లక్షలు ఉన్నాయి. అమ్మాయి పేరిట 2015లో తెరిచిన సుకన్య సమృద్ధి ఖాతా కూడా ఉంది. నిరుడు మేలో ఆయనకు వడదెబ్బ తగిలి పది రోజుల కూలి పోయింది. ఈసారి రూ.42 వేలతో ఏసీ కొందామని ఆయన, ఫీజు డబ్బు ముట్టుకోవద్దని నేను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ పట్టుదల మంచిదే. కానీ రేపు ఆ ఫీజు కట్టాల్సింది ఆయన రెక్కల కష్టమే కాబట్టి ఎండ ఖర్చునే ముందు చూద్దాం.

ఏసీ మాత్రం వద్దు. ఆయనకు వడదెబ్బ తగిలింది పని దగ్గర, ఇంట్లో కాదు. రాత్రి నిద్రకు కూలర్ చాలు. మన జిల్లాలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ల కూలర్ బాగా పనిచేస్తుంది, కరెంటు బిల్లూ ఏసీతో పోలిస్తే చాలా తక్కువ. స్లాబు మీద తెల్ల సున్నం వేయిస్తే పగటి వేడి కొంత తగ్గుతుంది. రెండింటికీ కలిపి రూ.12 వేలు పక్కన పెట్టండి.

అసలు ఖర్చు వేరే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఆయన ఉదయం ఆరింటికే పని మొదలుపెట్టి పదకొండుకు దిగిపోవాలి, మళ్లీ నాలుగు తర్వాతే ఎక్కాలి. కూలి కొంత తగ్గుతుంది. ఆ లోటుకు ఇప్పుడే రూ.18 వేలు కేటాయించండి. చేతిలో ఆ డబ్బు లేకపోతే మిట్టమధ్యాహ్నం పని వదలడానికి ఎవరికీ మనసొప్పదు. ఓఆర్ఎస్ పొట్లాలు సంచిలో ఉండాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి.

ఆయనకు యాభై దాటకపోతే బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేర్పించండి. ఏడాదికి రూ.436. మరణానికి కారణం ఏదైనా కుటుంబానికి రూ.2 లక్షలు వస్తాయి. కొత్తగా చేరితే మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికే వర్తిస్తుంది, అందుకే ఎండలు ముదరకముందే చేరాలి. ప్రమాదాలకు సురక్షా బీమా రూ.20 మాత్రమే. పరంజా ఎక్కే మనిషికి అది తప్పనిసరి.

ఇంకా రూ.1.80 లక్షలు మిగిలాయి. అందులో రూ.80 వేలు ఇంటి అత్యవసరానికి, ఎవరు అడిగినా ఇవ్వకండి. మిగతా లక్ష మొదటి ఏడాది హాస్టలు, పుస్తకాలకు. సీటు వచ్చాక ప్రవేశపత్రం, ఫీజు రసీదు చూపిస్తే సుకన్య ఖాతాలో గత ఆర్థిక సంవత్సరం చివరనాటి నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు. ఫీజుకు ఎంత కావాలో అంతే తీసి మిగిలింది ఉంచండి.

అప్పటికీ చాలకపోతే విద్యారుణం తీసుకోండి, భయపడకండి. రూ.4 లక్షల వరకు బ్యాంకు తాకట్టు అడగకూడదు. మీ కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.4.5 లక్షలు దాటకపోతే, న్యాక్ లేదా ఎన్‌బీఏ (కాలేజీల, కోర్సుల నాణ్యత చూసే సంస్థలు) గుర్తింపు ఉన్న వృత్తివిద్యా కోర్సుకు చదువుకునే కాలానికి, ఆపై ఏడాదికి వడ్డీ కేంద్రం భరించే పథకం ఉంది. ఆ దరఖాస్తు రుణంతోపాటే పెట్టమని బ్యాంకులో గట్టిగా అడగండి.

యాజమాన్య కోటా సీటు ఇప్పిస్తామని ఫోన్లు వస్తాయి. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ (ప్రభుత్వం ఫీజు భరించడం) రాదు, ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా సీటుకే ప్రయత్నించండి. ఆదాయ, కుల ధ్రువపత్రాలకు కౌన్సెలింగ్ దాకా ఆగకుండా ఈ వారమే సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. అమ్మాయికి పరీక్ష మధ్యాహ్నం విడతలో పడితే బండి మీద పంపకండి, ఆటో మాట్లాడండి.