పుట్టింది లెనిన్‌గ్రాడ్, మట్టి వెనిస్‌లో

ప్రశ్న: సోవియట్ ప్రభుత్వం వెళ్లగొట్టిన కవి జోసెఫ్ బ్రాడ్‌స్కీ అమెరికాలో స్థిరపడి, అక్కడే పోయారు కదా! మరి సమాధి వెనిస్‌లో ఎందుకుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: నాకు ఎంతో ఇష్టమైన కవి గురించి అడిగారమ్మా. 1972 జూన్‌లో ఆయన్ని దేశం దాటించారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కొలువు దొరికింది. ఆ ఏడాది చలికాలం సెలవుల్లోనే మొదటిసారి వెనిస్ వెళ్లారు. రాత్రిపూట రైల్వేస్టేషన్ మెట్ల మీద నిలబడితే గడ్డకట్టిన సముద్రపు నాచు వాసన ముక్కుకు తగిలిందట. పట్టరాని ఆనందం కలిగిందని తర్వాత రాసుకున్నారు. బాల్టిక్ సముద్రం ఒడ్డున, కాలువల ఊరైన లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) పెరిగిన మనిషికి ఆ వాసన ఎంత దగ్గరిదో ఊహించండి!

అప్పట్నుంచి దాదాపు ఏటా వెళ్లేవారు, అదీ చలికాలంలోనే. వేసవి వెనిస్ ఆయనకు గిట్టేది కాదు. సొంతూరికి మాత్రం మళ్లీ వెళ్లనే లేదు. కొడుకును చూడ్డానికి తల్లిదండ్రులు ఎన్నిసార్లు అర్జీ పెట్టుకున్నా అనుమతి రాలేదు. ఇద్దరూ ఆయన్ని చూడకుండానే పోయారు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

1987లో నోబెల్ వచ్చింది. 1996 జనవరిలో న్యూయార్క్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. మరుసటి ఏడాది, ఆయనకు అంత ఇష్టమైన వెనిస్‌లోనే, సాన్ మికెలే శ్మశాన ద్వీపంలో, ప్రొటెస్టెంట్ల భాగంలో ఖననం చేశారు. ఆయన్ని చదవడం వెనిస్ మీద ఇంగ్లిషులో రాసిన ‘వాటర్‌మార్క్’తో మొదలుపెట్టండి. చిన్న పుస్తకమే.