బ్యాటరీ శాతాన్ని ఎంతవరకు నమ్మాలి

చిరంజీవి కిరణ్‌కి మావయ్య ఆశీస్సులు.

ఎండాడ ఎత్తు ఎక్కేటప్పుడు నీ ఎలక్ట్రిక్ స్కూటర్ మీటర్‌లో ఛార్జ్ 52 శాతం నుంచి 49కి పడిపోయిందనీ, మధురవాడలో కాసేపు ఆపి ఆన్ చేస్తే 50 చూపించిందనీ ఫోన్‌లో ఒకటే టెన్షన్ పడ్డావు. బండికేం కాలేదురా. ఆ శాతం బీఎంఎస్, అంటే బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్ సర్క్యూట్, వేసే అంచనా.

నేను ఫోర్క్‌లిఫ్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు చూసే రోజుల్లో ఈ బాధ లేదు. హైడ్రోమీటర్ పెడితే యాసిడ్ సాంద్రత తెలిసేది. 1.28 దగ్గరుంటే నిండినట్టు. లిథియం సెల్‌లో అలా ముంచి చూడ్డానికేమీ లేదు. అందుకే బీఎంఎస్ లోపలికెళ్ళిన కరెంటునీ బయటికొచ్చిన కరెంటునీ కిరాణా కొట్టు ఖాతాలా రాసుకుంటుంది. సెన్సర్‌లో చిన్న తేడా ఉన్నా అది రోజూ పేరుకుంటుంది. దాన్ని వోల్టేజీ చూసి దిద్దుకోవాలి. కానీ ఎత్తెక్కేటప్పుడు వోల్టేజీ కుంగుతుంది, ఆపాక మళ్ళీ లేస్తుంది. నువ్వు చూసింది అదే.

నీ బండిలో ఉన్నది లిథియం సెల్స్‌లో ఏ రకమో, ఎల్‌ఎఫ్‌పీనో ఎన్‌ఎంసీనో ముందు మాన్యువల్‌లో చూడు. ఎల్‌ఎఫ్‌పీ అయితే సెల్ వోల్టేజీ 20 శాతం నుంచి 80 దాకా దాదాపు 3.2, 3.3 మధ్యే ఉంటుంది. దాన్ని బట్టి మధ్యలో ఎక్కడున్నామో పోల్చుకోవడం బీఎంఎస్‌కీ కష్టమే. పూర్తిగా నిండినప్పుడే లెక్క సరిపడుతుంది కాబట్టి వారానికోసారైనా 100 దాకా పెట్టు. ఎన్‌ఎంసీకి రోజూ 100 అక్కర్లేదు, 80, 90 చాలు.

ఇక అసలు పని. 100 నుంచి 30 దాకా నువ్వు రోజూ తిరిగే దారిలోనే నడిపి, ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో రాసుకో. తర్వాత ప్లగ్గుకి పెట్టే చిన్న యూనిట్ల మీటర్ కొనుక్కుని 30 నుంచి 100 నింపు. నీది మూడు యూనిట్ల బ్యాటరీ కదా, 70 శాతమంటే 2.1 యూనిట్లు. ఛార్జర్‌లో పోయేది కలిపి మీటర్‌లో 2.4 దాకా రావచ్చు. ఏడాది తర్వాత అదే 70 శాతానికి మీటర్‌లో 2.4 బదులు 2.1 యూనిట్లే వచ్చిందనుకో, బ్యాటరీ అరిగినట్టే. శాతం చూస్తే ఇది తెలీదు, ఎందుకంటే అరిగిన బ్యాటరీ కూడా నిండితే 100 అనే చూపిస్తుంది! షోరూం వాళ్ళు ఈ సంగతి వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. వారంటీ అడగడానికి వెళ్ళినప్పుడు నీ నోట్‌బుక్ పనికొస్తుంది. సున్నా దాకా తోలి పరీక్షించాలని మాత్రం చూడకు.

అరకు వెళ్తానన్నావు. ఊరు 900 మీటర్ల పైన ఉంది. బండీ ఇద్దరు మనుషులూ కలిపి 250 కిలోలనుకుంటే, ఆ ఎత్తుకి చేర్చడానికే 0.6 యూనిట్ పైన కావాలి. అంటే నీ బ్యాటరీలో ఐదో వంతు, దూరానికయ్యే ఖర్చు కాకుండా. ఘాట్ మొదలవ్వక ముందే శృంగవరపుకోటలో ఛార్జింగ్ ఎక్కడ దొరుకుతుందో వాకబు చేసుకో. తిరుగు ప్రయాణంలో 100 నింపి బయల్దేరకు. దిగేటప్పుడు మోటారు తిరిగి పుట్టించే రీజెన్ కరెంటు నిండిన బ్యాటరీలోకి ఎక్కదు, ఘాట్ అంతా బ్రేకుల మీదే దిగాల్సొస్తుంది.

మీ మావయ్య