అమ్మానాన్నలతో హనోయ్‌లో మొదటి రోజు

వచ్చే నెల అరవై దాటిన అమ్మానాన్నలతో వియత్నాం రాజధాని హనోయ్ వెళ్తున్నాం, అందరం శాకాహారులం, దిగిన రోజు ఏం చేస్తే బాగుంటుందని ఒకరు అడిగారు. మా వాళ్లను తీసుకెళ్లిన అనుభవంతో చెప్తున్నాను: ఆ రోజు చూడాల్సిన చోట్ల లిస్టు పెట్టుకోకండి. ఓల్డ్ క్వార్టర్‌లో, అంటే పాతబస్తీలో రూమ్ తీసుకుని, ఆ వీధుల్లో తిరగడానికే ఆ పూట వదిలేయండి. రోడ్డు దాటడం, తిండి వెతుక్కోవడం అలవాటైతే మిగతా రోజులు పెద్దవాళ్లకు టెన్షన్ ఉండదు.

నోయ్ బాయ్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి దాదాపు 30 కిలోమీటర్లు. బయట టాక్సీ అంటూ వెంటపడే వాళ్లతో బేరాలు వద్దు, మన ఓలా, ఊబర్ లాంటి గ్రాబ్ యాప్ ఇక్కడే ఫోన్‌లో వేసుకుని వెళ్లండి. లగేజీ తక్కువైతే 86 నంబరు బస్సు కూడా ఉంది, చాలా చవక.

అక్కడి డబ్బు డాంగ్, రూపాయికి దాదాపు 300 వస్తాయి కాబట్టి ఎవరైనా లక్షల్లో ధర చెప్తే కంగారు పడకండి. జాగ్రత్త పడాల్సింది నోట్ల దగ్గర. 20 వేల నోటూ, 5 లక్షల నోటూ రెండూ నీలిరంగే, చీకట్లో తేడా తెలియదు. మా నాన్న పెద్ద నోట్లు చొక్కా జేబులో, చిల్లర ప్యాంటు జేబులో పెట్టుకుని తిరిగారు.

ఇక రోడ్డు. కోఠిలో దాటిన వాళ్లం, ఇదెంత అనుకుంటాం గానీ మన పద్ధతి అక్కడ పనికిరాదు. మనం సందు చూసి పరుగెత్తుతాం, మధ్యలో ఆగుతాం, చెయ్యి చూపిస్తాం. అక్కడ మోటార్‌సైకిళ్లు ఆగవు, మీ నడకను చూసి పక్కకు తప్పుకుంటాయి. అందుకే నెమ్మదిగా, ఒకే వేగంతో నడవాలి. పరుగు వద్దు, వెనక్కి అడుగు అస్సలు వద్దు. ఈ ధైర్యం బైకుల దగ్గరే. కారో బస్సో వస్తుంటే మాత్రం ఆగిపోండి. బళ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి ముందు ఎడమకు చూడాలి. మా అమ్మ మొదట నా మోచెయ్యి వదల్లేదు, సాయంత్రానికి తనే ముందు నడిచింది.

ఓల్డ్ క్వార్టర్‌లో వీధికో వ్యాపారం. హాంగ్ బాక్‌లో వెండి, హాంగ్ మాలో చనిపోయిన పెద్దల కోసం కాల్చే కాగితపు సామాను. మాకు బాగా నచ్చింది లాన్ ఓంగ్ వీధి. అంతా మూలికల కొట్లు, గోనెసంచుల నిండా బెరళ్లు, వేళ్లు. మూరెడు పొడుగు దాల్చినచెక్క, అనాసపువ్వు చూసి అమ్మ అక్కడే కూర్చుండిపోయింది. భాష రాకపోయినా కొట్టామెతో వాసన చూపించుకుంటూ బేరమాడింది.

తిండికి భయపడకండి. వాళ్ల లిపి ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి, బోర్డు మీద సి, హెచ్, ఎ, వై వరుసగా కనిపిస్తే అది శాకాహార హోటల్. అక్కడ చేపముక్కలా, మాంసంలా కనిపించేవి కూడా సోయా లాంటి వాటితో చేసినవే. పెద్దవాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే ప్లేటు తోసేస్తారు. మామూలు హోటల్లో కూరగాయలే అన్నా చేపల సాస్ పడుతుంది, ఊరికే మాంసం వద్దంటే సరిపోదు. చాంద్రమాసంలో ఒకటో రోజు, పదిహేనో రోజు అక్కడ చాలామంది శాకాహారమే తింటారు, ఆ రోజుల్లో ఇంకా తేలిక. అందరూ చెప్పే ఎగ్ కాఫీలో గుడ్డు సొనే అసలు సరుకు, పాల కొరత ఉన్న 1946లో పుట్టిన కాఫీ అది. గుడ్డు తినకపోతే కొబ్బరి కాఫీ అడగండి. నాకైతే అదే ఎక్కువ నచ్చింది.

సాయంత్రం హోవాన్ కియెమ్ చెరువు గట్టున కూర్చుంటే చాలు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా చుట్టుపక్కల వీధుల్లో బళ్లు ఆపేస్తారు, వీలైతే వారాంతంలో దిగండి. వియత్నాం నాయకుడు హో చి మిన్ సమాధి మర్నాటికి పెట్టుకోవచ్చు, కానీ పొద్దుటిపూటే తెరుస్తారు, సోమ, శుక్రవారాల్లో సెలవు.

ఈ-వీసా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోండి, సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు. మన పొడుగాటి ఇంటిపేర్లతోనే తిప్పలు. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే కొట్టి, ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి.