అట్టపెట్టె పోయింది, గడువైనా పోనివ్వకండి

ప్రశ్న: మాది ఒడిశా, రాయగడ జిల్లా గుణుపురం. రిటైర్డ్ టీచర్‌ని. పక్షవాతంతో మంచాన ఉన్న మా అమ్మకి టీవీలో వచ్చే కీర్తనలు రికార్డు చేసి చూపిద్దామని, విజయనగరంలో ఒక షాపులో మా కంప్యూటర్‌కి టీవీ ట్యూనర్ కార్డు, రిమోటు కొన్నాను. 9,800 రూపాయలు ఫోన్‌పే చేశాను. "మీ కేబుల్ వైరు తగిలించండి, విండోస్ 10లో మీడియా సెంటర్ ఉంటుంది, అన్ని ఛానళ్లూ వచ్చేస్తాయి" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. అది ఇప్పుడు డ్రాయర్లో ఉన్న మా పాత ఫోన్‌లో ఉంది. ఒక్క ఛానలూ రాలేదు. బిల్లు ఇవ్వలేదు, ఎస్టిమేట్ చీటీ ఉంది. అట్టపెట్టె పారేశాను. ఇరవై రెండు నెలలుగా తిరుగుతున్నాను. పోయిన నెల షాపులో నలుగురి ముందు "ఒడిశా నుంచి వచ్చి మా ప్రాణం తీస్తారు" అన్నాడు. వారం రోజులు నిద్ర పట్టలేదు. పరువునష్టం దావా వేయవచ్చా? విజయనగరం కోర్టుకే వెళ్లాలా? ఇంకొకాయన వేరే కార్డు వేసి, నెలకి 200 ఇస్తే పే ఛానళ్లన్నీ తెప్పిస్తానంటున్నాడు. పైవాటాల్లో అద్దెకున్నవాళ్లకి కూడా వైరు లాగవచ్చంటున్నాడు. చేయించుకోవచ్చా?

జవాబు: మాస్టారూ, ఆ షాపాయన అన్న మాట మిమ్మల్ని నిద్రపోనివ్వలేదు. నన్ను కంగారు పెట్టింది మాత్రం "ఇరవై రెండు నెలలు" అన్న మాట. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకి గడువు రెండేళ్లు. ఎప్పటినుంచి లెక్క అని వాదించుకోవచ్చు గానీ, ఆ వాదన మనకెందుకు? డబ్బు కట్టిన రోజు నుంచే లెక్కేసుకోండి. మీకు మిగిలింది రెండు నెలలు. షాపు చుట్టూ తిరిగినందుకు గడువు పెరగదు. "వచ్చే వారం చూద్దాం సార్" అంటే పెరగదు. లాయర్ నోటీసు పంపినా పెరగదు. గడువు దాటాక ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది, కానీ దానికి తగిన కారణం చూపాలి. మొహమాటపడి ఊరుకున్నానంటే వినియోగదారుల కమిషన్ ఒప్పుకుంటుందన్న నమ్మకం లేదు.

పరువునష్టం సంగతి వదిలేయండి. ఆ నలుగురిలో ముగ్గురు షాపు కుర్రాళ్లే అయ్యుంటారు. మీ తరఫున ఎవరొచ్చి సాక్ష్యం చెబుతారు?

ఇక అసలు పాయింటు. చాలామంది ఫిర్యాదులో "కార్డు పాడైనది అమ్మారు" అని రాసి కేసు పోగొట్టుకుంటారు. మీ కార్డు బహుశా బాగానే ఉంది. మీరు పంపిన ఫొటోలో కార్డు మీద చిన్న అక్షరాలతో డీవీబీ-టీ అని ఉంది. అది యాంటెన్నాతో గాలిలోంచి వచ్చే డిజిటల్ సిగ్నల్ పట్టుకునే రకం. కేబుల్ వైరులో వచ్చేది డీవీబీ-సీ, డిష్‌లో వచ్చేది డీవీబీ-ఎస్ లేదా ఎస్2. పైగా కేబుల్ డిజిటల్ అయ్యాక పే ఛానళ్లకి తాళం పడింది, సెట్‌టాప్ బాక్సే తీయాలి. వైరు నేరుగా కార్డుకి పెడితే స్కాన్ వంద శాతం పూర్తయి, కింద "ఛానళ్లు: 0" అని వస్తుంది. మీకు కనిపించింది అదే. విండోస్ 10లో అసలు మీడియా సెంటరే లేదు, 2015లో అది వచ్చినప్పుడే తీసేశారు.

కార్డులో లోపం అని మీరు రాస్తే అవతలి లాయరు దాన్ని పరీక్షకి పంపమంటాడు. కార్డు పనిచేస్తుందని తేలిన రోజే మీ కేసు అయిపోతుంది. కాబట్టి "మా కేబుల్‌కి పనిచేస్తుందని అబద్ధం చెప్పి అమ్మారు" అని రాయండి. చట్టంలో దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటారు, సెక్షన్ 2(47). బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్ కింద తప్పే. చీటీని జాగ్రత్తగా పెట్టండి.

అంటే కేసు మొత్తం ఆ వాయిస్ మెసేజ్ మీదే నిలబడి ఉంది. అది ఎక్కడుంది? పాత ఫోన్‌లో! పిల్లల హాజరు పట్టీ ముప్పై ఏళ్లు రాసిన మనిషి పెట్టె పారేసి, బిల్లు అడక్కుండా, ఉన్న ఒక్క సాక్ష్యాన్ని డ్రాయర్లో పడేస్తారా? ఈ రోజే ఫోన్ చార్జింగ్ పెట్టండి. ఆ సంభాషణ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో దాచండి. ముక్క కత్తిరించకండి. ఫోన్ మాత్రం ఎవరికీ అమ్మకండి, రీసెట్ చేయకండి. ఫోన్‌లోంచి తీసిన ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 2023, సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఏ భాగం మీరు, బీ భాగం నిపుణుడు సంతకం చేస్తారు. వాయిస్‌లో ఉన్న తెలుగు మాటలకి ఇంగ్లీషు తర్జుమా కూడా పెట్టండి. మీరు ఫిర్యాదు వేసే రాయగడ కమిషన్‌లో కూర్చున్నవాళ్లకి తెలుగు వచ్చని మనం అనుకోకూడదు. ఛానల్ స్కాన్ చేసి సున్నా వచ్చేదాకా ఒకే వీడియోగా తీయండి, వైరు ఎక్కడ తగిలించారో కనిపించాలి. ఫోన్‌పే చెల్లింపు ఉన్న బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. డబ్బు షాపు పేరున కాక ఎవరి సొంత నంబరుకో వెళ్లి ఉంటే, ఆ నంబరు మీకు ఎవరిచ్చారో కూడా రాయండి.

విజయనగరం వెళ్లక్కర్లేదు. మీరు నివసించే జిల్లాలోనే, అంటే రాయగడ జిల్లా కమిషన్‌లో వేయవచ్చని సెక్షన్ 34 చెబుతోంది. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌గా కూడా వేయవచ్చు.

నెలకి 200 ఆయన సంగతి: ఆ గుమ్మం తొక్కకండి. చందా కట్టిన ఒకరి సెట్‌టాప్ బాక్సు కార్డు తాళాన్ని ఇంటర్నెట్‌లో పదిమందికి పంచే పని అది. కాపీరైట్ చట్టం సెక్షన్ 65ఏ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా. మీ ఇంట్లో మీరు చూసుకోవడానికి రికార్డు చేసుకుంటే సెక్షన్ 39 మీకు రక్షణ. తాళం పగలగొట్టడానికి ఆ రక్షణ లేదు. పైవాటాలకి వైరు లాగారా, రిజిస్ట్రేషన్ లేని కేబుల్ నెట్‌వర్క్ అంటారు, సామాను సీజ్ చేస్తారు. షాపు మీద కేసు వేసిన మనిషి ఇంట్లో ఇది దొరికితే అవతలి లాయరుకి పండగే.

అమ్మగారి కోరిక తీరడానికి మాత్రం సులువైన దారి ఉంది. డీడీ ఫ్రీ డిష్ డిష్‌యాంటెన్నా పెట్టించి, డీవీబీ-ఎస్2 ట్యూనర్ తగిలించండి. సిగ్నల్ 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి వస్తుంది. నెలచందా లేదు. డీడీ సప్తగిరి, యాదగిరి, ఒడియా మూడూ వస్తాయి. కోడి (Kodi), టీవీహెడ్ఎండ్ (Tvheadend) అనే కంప్యూటర్ ప్రోగ్రాములు రెండూ ఉచితమే. టైము పెడితే టీవీహెడ్ఎండ్ రికార్డు చేస్తుంది, కోడి చూపిస్తుంది; టీవీహెడ్ఎండ్ మాత్రం విండోస్‌లో కాదు, లైనక్స్‌లో నడుస్తుంది. ఈసారి బిల్లు మీద "డీవీబీ-ఎస్2, ఫ్రీ డిష్‌కి" అని రాయించుకోండి.

షాపుకి పదిహేను రోజుల గడువుతో నోటీసు రేపే స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు, కవరు మీద చిరునామా ఫొటో దాచుకోండి. పదహారో రోజున జవాబు రాకపోతే, ఇంకోసారి షాపుకి వెళ్లకుండా నేరుగా ఫిర్యాదు వేసేయండి.