ఆగి ఉన్న కారు తలుపు తగిలి సైకిల్ మీది మనిషి పడితే పరిహారం రాదా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 48. చిన్న వర్క్‌షాపులో లేత్ మెషిన్ మీద టర్నర్‌గా పని చేస్తారు. నెలకు 18 వేల రూపాయలు చేతికిస్తారు. పే స్లిప్ లేదు, ఈఎస్‌ఐ లేదు. ఎన్నో ఏళ్లుగా సైకిల్ మీదే పనికి వెళ్తున్నారు. రెండు నెలల క్రితం ఉదయం, రోడ్డు ఎడమ పక్కన ఆపి ఉన్న కారును దాటుతుండగా డ్రైవర్ సీట్లో కూర్చున్న యజమాని వెనక్కి చూడకుండా తలుపు తీశారు. తలుపు అంచు హ్యాండిల్‌కు తగిలి నాన్నగారు రోడ్డు మీద పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ కారాయనే. అయిదు వేలు ఇచ్చి, ‘ఇకపై ఏమీ అడగను’ అని రాసిన కాగితం మీద నాన్నగారి చేత ఎడమ చేత్తో సంతకం పెట్టించుకున్నారు. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే, ‘కారు కదల్లేదు కదా, ఇది యాక్సిడెంట్ ఎలా అవుతుంది? సైకిల్‌కు లైసెన్సు లేదు, బీమా లేదు, హెల్మెట్ కూడా లేదు. రాజీ చేసుకోండి’ అన్నారు. ఆసుపత్రి కేసు షీట్‌లో ‘సైకిల్ మీద నుంచి జారి పడ్డారు’ అని ఉంది. మాకు దారి ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, దారి ఉంది. ఆ కారుకు ఉన్న థర్డ్ పార్టీ బీమా (కారు వల్ల ఇతరులకు కలిగే నష్టానికి చేసే బీమా) నుంచి పరిహారం కోరే హక్కు మీ నాన్నగారికి ఉంది. అయితే గడువులో రెండు నెలలు ఇప్పటికే గడిచిపోయాయి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపే క్లెయిమ్‌ల ట్రైబ్యునల్‌లో, అంటే ప్రమాద పరిహారాన్ని తేల్చే న్యాయస్థానంలో, దరఖాస్తు వేయాలి. ఈ గడువు చెల్లదంటూ సుప్రీంకోర్టుకు వెళ్లినవారున్నారు. ఆ వ్యాజ్యాన్ని నమ్ముకుని మీరు ఆగవద్దు. మిగిలిన నాలుగు నెలల్లోనే దరఖాస్తు పడాలి.

స్టేషన్‌లో చెప్పిన మాటల్లో ‘కారు కదల్లేదు’ అన్నది చాలామందిని వెనక్కి పంపేస్తుంది. చట్టంలో కారు కదలాలన్న షరతు లేదు. ‘మోటారు వాహన వినియోగం వల్ల’ జరిగిన ప్రమాదం అయితే చాలు. 1991లో శివాజీ దయాను పాటిల్ కేసులో సుప్రీంకోర్టు ఈ ‘వినియోగం’ అన్న మాటకు విశాలమైన అర్థం చెప్పింది. అక్కడ ఒక పెట్రోలు ట్యాంకర్ లారీని ఢీకొని బోల్తా పడింది. పేలింది మాత్రం కొన్ని గంటల తర్వాత. అప్పటికి ట్యాంకర్ కదలడం లేదు. అయినా పరిహారం ఇవ్వాల్సిందేనని కోర్టు తేల్చింది. కారు ఆపి దిగడం కారు వాడకంలో భాగమే. అది రోడ్డుకు అడ్డంగానో, నో పార్కింగ్ చోటులోనో ఆగి ఉంటే, ప్రమాదకరంగా వాహనం నిలపకూడదన్న 122వ సెక్షన్ కూడా మీకు తోడవుతుంది. ఆ చోటికి వెళ్లి బోర్డు ఉందేమో చూసి ఫొటో తీయండి.

క్రిమినల్ కేసు విషయంలోనూ అంతే. నిర్లక్ష్యంగా వాహనం నడపడం గురించి చెప్పే సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 281. కారు నడవలేదు కాబట్టి అది వర్తించదని వాదించవచ్చు. 125వ సెక్షన్‌కు ఆ ఇబ్బంది లేదు. ఇతరుల భద్రతకు ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా ఏ పని చేసినా అది నేరమే. ఎముక విరిగితే చట్టం దృష్టిలో తీవ్ర గాయం. కాబట్టి 125(బి) వర్తిస్తుంది. దానికి మూడేళ్ల వరకు జైలు లేదా పది వేల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఇది పోలీసులు ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిన నేరం. మీ ఫిర్యాదులో ఈ సెక్షన్‌ను రాసి ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. అప్పటికీ కదలకపోతే అదే ఫిర్యాదును డీసీపీకి స్పీడ్ పోస్టులో పంపండి. ఆ తర్వాత మేజిస్ట్రేటు కోర్టు ఉంది. ఎఫ్‌ఐఆర్ నమోదైతే పోలీసులు ప్రమాద సమాచార నివేదికను మూడు నెలల్లోగా ట్రైబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి. కారు బీమా వివరాలు కూడా స్టేషన్ నుంచో రవాణా శాఖ నుంచో అడిగి తీసుకునే హక్కు మీకుంది.

ఇక లైసెన్సు, బీమా, హెల్మెట్ సంగతి. సైకిల్ మోటారు వాహనం కాదు. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా ఏవీ అక్కర్లేదు. హెల్మెట్ తప్పనిసరి అని చెప్పే మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మోటారు సైకిళ్లకు సంబంధించినది. పైగా మణికట్టు విరగడానికీ, తలకు హెల్మెట్ లేకపోవడానికీ సంబంధం ఏమిటి? బాధితుడి తప్పు కూడా ఉందని బీమా కంపెనీ అంటే, అది నిరూపించే భారం కంపెనీదే. మీ నాన్నగారు ఎడమ అంచున వెళ్తున్నారు. సైకిల్ మీద వెళ్లే మనిషిని మనం పొమ్మనేది అక్కడికే. తీరా అక్కడికి వెళ్తే అంచంతా కార్లు ఆపి ఉంటాయి. కార్లకు దగ్గరగా వెళ్తే తలుపు తగులుతుంది. దూరంగా వెళ్తే వెనుక బస్సు హారన్ కొడుతుంది.

ఈ విషయంలో నాకున్న బాధ ఇక్కడే చెప్పాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను సోలార్ పలకల నీడతో కట్టి 2023లో ప్రారంభించారు. మంచి పనే. కానీ సైకిల్ మీద వర్క్‌షాపుకు వెళ్లే టర్నర్, పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ తిరిగేది ఆ ట్రాక్ మీద కాదు. వారు తిరిగే రోడ్ల అంచుల్లో పార్కింగ్‌ను అదుపు చేయడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు మీద చోటును వాహనాలకు కాదు, మనుషులకు పంచాలని చెప్పింది. మీ వీధిలో ఇలాంటి చోట్లు ఉంటే ఫొటోలతో ట్రాఫిక్ పోలీసులకు, మున్సిపల్ అధికారులకు రాతపూర్వకంగా ఇవ్వండి. ముందే హెచ్చరించినట్టు రికార్డులో ఉంటే రేపు మరొకరి కేసులో అదే సాక్ష్యం అవుతుంది. కారున్న పాఠకులకూ ఒక విన్నపం: కుడి తలుపును ఎడమ చేత్తో తీయడం అలవాటు చేసుకోండి. ఒళ్లు దానంతట అదే తిరిగి వెనుక వస్తున్న సైకిల్ కనిపిస్తుంది. బ్రిటన్‌లో 2022లో సవరించిన రోడ్డు నియమావళి కూడా తలుపుకు దూరంగా ఉన్న చేత్తోనే తీయమంటోంది.

మీ కేసులో నాకు నిజంగా గుబులు పుట్టించేది ఆసుపత్రి కాగితం. ‘సైకిల్ మీద నుంచి జారి పడ్డారు’ అన్న ఒక్క వాక్యాన్ని పట్టుకుని, ఈ ప్రమాదంలో కారే లేదని బీమా కంపెనీ వాదిస్తుంది. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని పక్కన కూర్చోబెట్టి, తీసుకొచ్చినవారు చెప్పింది రాసుకోవడం ఆసుపత్రుల్లో మామూలే. ఆ కాగితాన్ని దిద్దించే ప్రయత్నం మాత్రం చేయకండి, దిద్దితే అసలు కేసే అనుమానంలో పడుతుంది. దానికి బదులు కేసు షీట్ పూర్తి నకలు, గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి సమ్మరీ తీసుకోండి. వివరాలు చెప్పింది ఎవరన్న గడిలో ఆ కారాయన పేరు ఉంటే అది మీకు పెద్ద బలం. ప్రమాదం జరిగిన వెంటనే ఆయన ఆసుపత్రిలో ఎందుకున్నారన్న ప్రశ్నకు బీమా కంపెనీ దగ్గర జవాబు ఉండదు. ఆయన అయిదు వేలు ఫోన్‌లో పంపి ఉంటే ఆ రికార్డు, ఆ రోజు మాట్లాడిన కాల్స్, మెసేజ్‌లు అన్నీ దాచండి. అక్కడ టీ కొట్టు, మెకానిక్ షెడ్డు ఏదైనా ఉంటే చూసినవారితో మాట్లాడి ఉంచండి. ఇలాంటి క్లెయిమ్‌లలో క్రిమినల్ కేసులో మాదిరిగా సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదని, ఏది ఎక్కువ సంభావ్యమో చూస్తే చాలని సుప్రీంకోర్టు బిమలాదేవి కేసులో 2009లో చెప్పింది. తగిన కారణం ఉంటే ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయకూడదని 2011లో రవి వర్సెస్ బద్రీనారాయణ్ కేసులో చెప్పింది. ఆపరేషన్, ఆ తర్వాత రాజీ ఒత్తిడి, స్టేషన్‌లో తిప్పి పంపడం: ఈ కారణాలను తేదీలతో సహా ఫిర్యాదులోనే రాయండి.

సైకిల్‌ను ఇంకా బాగు చేయించలేదని ఆశిస్తున్నాను. వంగిన హ్యాండిల్‌ను, దానికి కారు రంగు అంటి ఉంటే దాన్ని, అలాగే ఉంచండి. పోలీసులు వచ్చి పంచనామా చేసేదాకా తుడవను కూడా తుడవవద్దు.

ఎడమ చేత్తో పెట్టించుకున్న సంతకానికి భయపడకండి. విరిగిన చేత్తో మంచం మీద ఉన్న మనిషి, గాయం ఎంతటిదో తెలియకముందే, అయిదు వేలకు తన హక్కంతా వదులుకున్నాడంటే ట్రైబ్యునల్ అంత సులువుగా ఒప్పుకోదని నా అభిప్రాయం. న్యాయమైన పరిహారం నిర్ణయించడం ట్రైబ్యునల్ మీద చట్టం పెట్టిన బాధ్యత. ఆ కాగితం సంగతి దాచకుండా దరఖాస్తులోనే చెప్పండి. తీసుకున్న అయిదు వేలు కూడా చెప్పండి. ఇంకెక్కడా సంతకం పెట్టవద్దని నాన్నగారికి చెప్పండి.

పరిహారానికి రెండు దారులున్నాయి. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. ఎవరి తప్పో నిరూపించనక్కర్లేదు. 166వ సెక్షన్ కింద అయితే కారు యజమాని నిర్లక్ష్యాన్ని నిరూపించాలి. మొత్తం మాత్రం నష్టాన్ని బట్టి ఉంటుంది. మీ నాన్నగారికి రెండోదే సరైనదని నాకు అనిపిస్తోంది. కారణం ఆయన వృత్తి. డాక్టరు ఇచ్చే వైకల్య శాతం వేరు, సంపాదన శక్తిలో నష్టం వేరు అని సుప్రీంకోర్టు 2010 నాటి రాజ్ కుమార్ తీర్పు విడమరచి చెప్పింది. చెయ్యి పోతే గుమాస్తాకు ఉద్యోగం మిగలవచ్చు, వడ్రంగికి బతుకుతెరువే పోతుంది. లేత్ మీద కుడి మణికట్టు తిరగకపోతే టర్నర్ పరిస్థితీ అలాంటిదే.

ఉదాహరణకు సంపాదన శక్తిలో 20 శాతం పోయిందని ట్రైబ్యునల్ తేల్చిందనుకుందాం. ఏడాది ఆదాయం 2,16,000. ఆయన వయసుకు భవిష్యత్తులో ఆదాయం పెరుగుదల కింద సుప్రీంకోర్టు ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం 25 శాతం కలిపితే 2,70,000. అందులో 20 శాతం 54,000. దీన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 46–50 ఏళ్లవారికి ఆ గుణకం 13. అంటే 7,02,000. వైద్యం ఖర్చు, పనికి వెళ్లలేని నెలల జీతం, నొప్పికి, తోడున్న మనిషికి ఇచ్చేవి దీనికి అదనం. ఇది లెక్క వేసే తీరు మాత్రమే. మీకు ఇంతే వస్తుందన్న మాట కాదు. జీతానికి వర్క్‌షాపు యజమాని ఉత్తరం రాసివ్వడమే కాక, ట్రైబ్యునల్‌కు వచ్చి సాక్ష్యం చెబితే మంచిది. బ్యాంకులో పడిన డబ్బు ఉంటే చూపండి. ఏమీ లేకపోతే కనీస వేతనాల లెక్క తీసుకునే అవకాశం ఉంది.

దరఖాస్తును ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. మీరు నివసించే ప్రాంతపు ట్రైబ్యునల్‌లోనూ వేయవచ్చు. కారు యజమానినీ, బీమా కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి లేదా 15100కు ఫోన్ చేయండి. పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు చట్టంలోనే ఉంది.

వైకల్య ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా దరఖాస్తు ఆపుదామని కొందరు సలహా ఇస్తారు. వినవద్దు. ప్లేటు వేసిన మణికట్టు ఎంతవరకు కుదురుకుంటుందో తేలడానికి నెలలు పడుతుంది, ఈలోగా గడువు దాటిపోతుంది. ఇప్పుడు చేతిలో ఉన్న కాగితాలతో దరఖాస్తు వేయండి. చికిత్స పూర్తయ్యాక మెడికల్ బోర్డు ఇచ్చే ధ్రువపత్రాన్ని విచారణలో దాఖలు చేసుకోవచ్చు.