పక్కింటి చెట్టు మన కప్పు మీద పడితే ఖర్చు ఎవరిది?

వేసవికి హైదరాబాద్ వస్తే చాలు, సైనిక్‌పురిలో మా అక్కావాళ్ళ వీధిలో ఎవరో ఒకరు అమెరికా సందేహం పట్టుకుని వస్తారు. ఈసారి వచ్చినాయన రిటైరైన బ్యాంకు మేనేజరు. వాళ్ళబ్బాయి ఒహాయోలో ఇల్లు కొని ఏడాది కూడా కాలేదు. గాలివానకి పక్కింటి చెట్టు విరిగి వీళ్ళ గరాజ్ కప్పు మీద పడిందట. "చెట్టు వాళ్ళది కదండీ, బాగు చేయించాల్సింది వాళ్ళే కదా! మీ ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసుకోండి అన్నాట్ట ఆ పక్కాయన. ఇదెక్కడి న్యాయం?" అని ఆయన బాధ.

ఆయన కోపం నాకర్థమైంది. కానీ ఆ పక్కాయన మాటలో తప్పు లేదు. అమెరికాలో చాలావరకు లెక్క ఇదే: చెట్టు ఎవరిదైనా సరే, అది ఎవరి ఇంటిమీద పడిందో వాళ్ళ హోమ్ ఇన్సూరెన్సే ముందుగా కడుతుంది. పచ్చగా ఉన్న చెట్టు తుఫానుకి కూలితే అది దైవాధీనం కిందికి వస్తుంది, దాని యజమాని మీద బాధ్యత పడదు. మన అబ్బాయి చెయ్యాల్సింది ఫోటోలు తీసి, వాన నీళ్ళు లోపలికి రాకుండా కప్పు మీద టార్పాలిన్ కప్పించి, ఆ రసీదులు దాచి, తన కంపెనీకి క్లెయిమ్ పెట్టడం. డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిములో మనమే భరించాల్సిన మొదటి కొంత, మాత్రం తన జేబులోంచే పోతుంది. కారు మీద పడితే ఇంటి పాలసీ పనికిరాదు, కారు పాలసీలో కాంప్రెహెన్సివ్ (గుద్దుకోవడం కాకుండా చెట్టు పడటం, దొంగతనం లాంటివాటికి వర్తించే భాగం) ఉండాలి. నెలకి కొద్ది డాలర్లు మిగులుతాయని దాన్ని తీసేయించుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. అద్దెకి ఉండేవాళ్ళ సంగతి వేరు. గోడలూ కప్పూ ఇంటి ఓనరు చూసుకుంటాడు, మీ లాప్‌టాపూ మంచమూ తడిసిపోతే మాత్రం రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉంటేనే డబ్బొస్తుంది.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. చెట్టు దేన్నీ తాకకుండా పెరట్లో అడ్డంగా పడితే, తీయించే ఖర్చు మామూలుగా పాలసీ ఇవ్వదు. ఇంటిని తాకినప్పుడు కూడా తొలగింపుకి మామూలు పాలసీల్లో ఒక్కో చెట్టుకి 500 డాలర్లు, మొత్తం మీద 1,000 డాలర్లు అని పరిమితి కనిపిస్తుంది. పెద్ద చెట్టుకి ఆ డబ్బు ఏ మూలకీ రాదు. మీ పాలసీలో ఎంతుందో ఈ రాత్రే తెరిచి చూడండి.

ఇక పక్కాయన ఎప్పుడు కట్టాలి? చెట్టు ఎండిపోయిందనో పుచ్చిపోయిందనో ఆయనకి తెలిసి ఉండాలి, లేదా ఎవరు చూసినా తెలిసేలా ఉండాలి. అయినా పట్టించుకోకుండా వదిలేస్తే అది నిర్లక్ష్యం. అలాంటప్పుడు మన కంపెనీ ముందు మనకి కట్టేసి, తర్వాత ఆయన కంపెనీ మీద పడి వసూలు చేసుకుంటుంది. అంతా వసూలైతే మన డిడక్టిబుల్ కూడా వెనక్కొస్తుంది. కాబట్టి అసలు ప్రశ్న ఆయనకి ముందే తెలుసా అన్నది. తెలుసని చూపించాల్సిన భారం మనదే.

అక్కడే మనవాళ్ళకి మొహమాటం అడ్డొస్తుంది. కొత్తగా వచ్చాం, ఇరుగుపొరుగు, రేపు మొహం మొహం చూసుకోవాలి, ఉత్తరం రాస్తే ఏమనుకుంటారో అని ఊరుకుంటారు. కంచె దగ్గర ఎదురైనప్పుడు నవ్వుతూ "ఆ చెట్టు కొంచెం చూసుకోండి" అని మాత్రం అంటారు. ఆ మాటకి రేపు సాక్ష్యం ఎక్కడ? ముందు వెళ్ళి మర్యాదగా చెప్పండి, తప్పకుండా చెప్పండి. వారం ఆగి ఒక ఉత్తరం రాయండి. అందులో దెబ్బలాట ఏమీ ఉండక్కర్లేదు. "మీ పెరట్లో కంచె పక్కనున్న చెట్టు జూన్ వచ్చినా చిగురించలేదు. మొదలు దగ్గర పుట్టగొడుగుల్లాంటివి పుట్టాయి, బెరడు పలకలుగా ఊడుతోంది, మా పిల్లలు పడుకునే గదివైపు ఒరిగి ఉంది. దయచేసి చెట్ల నిపుణుడికి ఒకసారి చూపించండి." ఇంతే చాలు. తేదీ వేసి, ఫోటోలు పెట్టి, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, అందిన రసీదు దాచుకోండి. భయం ఎక్కువగా ఉంటే సర్టిఫైడ్ ఆర్బరిస్ట్‌ని (ధ్రువపత్రం ఉన్న చెట్ల నిపుణుణ్ణి) మీరే పిలిచి, మన వైపు నుంచి చూసి రాసిచ్చిన నివేదిక జత చెయ్యండి. మీ చెట్టు గురించి అవతలివాళ్ళు అలాంటి ఉత్తరం రాసినా చులకనగా తీసుకోకండి, ఆ రోజు నుంచి బాధ్యత మీ నెత్తిన ఉన్నట్టే. ఒహాయో, మిషిగన్ వైపు కొనేవాళ్ళు యాష్ చెట్లుంటే మరీ జాగ్రత్తగా చూడండి. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఒక ఆకుపచ్చ పురుగు ఆ జాతిని కోట్ల సంఖ్యలో ఎండబెట్టేసింది. అలా ఎండిన చెట్టు పెళుసుగా మారి, పెద్ద గాలి లేకుండానే విరుగుతుంది.

మన వైపు వచ్చిన కొమ్మల్ని హద్దు దాకా మన ఖర్చుతో కొట్టించుకునే హక్కు మామూలుగా ఉంటుంది. హద్దు దాటి వాళ్ళ స్థలంలోకి వెళ్ళకూడదు, చెట్టు చచ్చేలా నరకకూడదు. పరాయి చెట్టుని కావాలని నరికితే నష్టానికి మూడింతలు కట్టించే చట్టాలు కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి చోట్ల ఉన్నాయి. చవగ్గా కొడతామని తలుపు తట్టేవాళ్ళకి పని ఇవ్వకండి. లయబిలిటీ (ఇతరులకి నష్టం జరిగితే కట్టే బీమా), వర్కర్స్ కాంపెన్సేషన్ (పనివాళ్ళకి దెబ్బ తగిలితే కట్టే బీమా) రెండూ ఉన్నట్టు కాగితం చూపించమనండి. మనిషి చెట్టు మీంచి పడితే ఆ బాధ్యత మీ గుమ్మం దాకా రావచ్చు.

వస్తువులకైన నష్టం ఎలాగోలా తీరుతుంది. మనిషికి తగిలితేనే కష్టం. ఇది ముఖ్యంగా అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళకి చెప్తున్నాను. మన పెద్దవాళ్ళు సాయంత్రం పూట పేవ్‌మెంట్ మీద నడకకి వెళ్తారు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు కొమ్మే గాలికి విరిగి పడితే, ఎవరి నిర్లక్ష్యమూ లేదంటే, ఆసుపత్రి బిల్లు కట్టేవాడు ఎవడూ ఉండడు. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ప్రీమియం తక్కువని యాభై వేల డాలర్ల పాలసీతో సరిపెట్టకండి. పక్కింట్లో తగిలితే వాళ్ళ పాలసీలో తప్పు ఎవరిదని చూడకుండా వైద్యానికిచ్చే చిన్న మొత్తం ఒకటి ఉంటుంది, దాన్ని అడగడానికి సిగ్గుపడకండి. రోడ్డుకీ పేవ్‌మెంటుకీ మధ్యనున్న చెట్టు చాలా ఊళ్ళలో మునిసిపాలిటీదే. వాళ్ళ మీద క్లెయిముకి గడువు చాలా తక్కువ. న్యూయార్క్, న్యూజెర్సీల్లో 90 రోజుల్లో, కాలిఫోర్నియాలో ఆరు నెలల్లో నోటీసు ఇవ్వాలి. దెబ్బ మానాక చూద్దాంలే అనుకుంటే హక్కు పోతుంది. మనిషికి తగిలినప్పుడు ఆ రాష్ట్రపు లాయరుతో వెంటనే మాట్లాడండి.

ఇదంతా విని ఆ బ్యాంకు మేనేజరుగారు "మరి ఇక్కడో?" అని అడిగారు. మంచి ప్రశ్న. మనలో చాలామందికి హైదరాబాద్‌లో తాళం వేసిన ఇళ్ళున్నాయి, వాటి ఆవరణలో గుల్మొహర్లున్నాయి. మొదలు చుట్టూ వేళ్ళకి ఊపిరాడకుండా సిమెంటు చేయించేసి ఉంటాం. గోడ అవతల పైపుల కోసం తవ్వినప్పుడు ఒక వైపు వేళ్ళు తెగిపోతాయి. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలికి అది పక్కింటి కారు మీద వాలితే?

ఇక్కడా మూలసూత్రం అదే. రాజ్‌కోట్‌లో రోడ్డు పక్క చెట్టు కూలి దారిన పోయే మనిషి చనిపోయిన కేసులో కింది కోర్టులు పరిహారం ఇమ్మన్నాయి, 1997లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చెట్టు పుచ్చిందని మునిసిపల్ కార్పొరేషన్‌కి తెలియదు కాబట్టి నిర్లక్ష్యం కాదంది. ఆ తీర్పు చదివినప్పుడు పోయిన మనిషి కుటుంబం గురించి నాకు బాధేసింది, ఇప్పటికీ అది సరైందని మనసు ఒప్పుకోదు. కానీ మనం నేర్చుకోవాల్సింది దాని రెండో వైపు. పక్కింటి అంకుల్ "బాబూ, మీ చెట్టు మా గోడ మీదికి ఒరుగుతోంది, చూడు" అని ఫోటోతో వాట్సాప్ పంపి, నీలం టిక్కులు పడి, మనం దండం బొమ్మ పెట్టి ఊరుకున్నామంటే, మనకి తెలియదనడానికి ఇక దారి లేదు.

అలాగని వాచ్‌మన్‌కి ఫోన్ చేసి రాత్రికి రాత్రి నరికించకండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం మన సొంత ఆవరణలోని చెట్టుకీ వర్తిస్తుంది. అటవీ శాఖ అనుమతి లేకుండా కొట్టేస్తే జరిమానా పడుతుంది. ఇక్కడున్న అన్నయ్యకో మేనమామకో రాతపూర్వకంగా అధికారమిచ్చి, ఫోటోలతో దరఖాస్తు పెట్టించండి. అంకుల్‌కి ఆ దరఖాస్తు కాపీ పంపండి. ఆయన మనసూ కుదుటపడుతుంది, మీరు పట్టించుకున్నట్టు రుజువూ ఉంటుంది.

పక్కాయన కారుకి ఓన్ డ్యామేజ్ (సొంత కారుకైన నష్టం) కవర్ ఉంటే ఆయన పాలసీయే బాగుచేయిస్తుంది, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ఏమీ రాదు. ఇంటికైతే 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ అమ్మే భారత్ గృహ రక్ష పాలసీలో తుఫాను నష్టంతో పాటు కూలే చెట్ల దెబ్బ కూడా రాసి ఉంది. కోటిన్నర పెట్టి ఇల్లు కట్టి దీన్ని తీసుకోనివాళ్ళే మనలో ఎక్కువ.

చెట్టు కూలిన రోజున తీగలు తెగి ఉంటే ఎవర్నీ దగ్గరికి వెళ్ళనివ్వకుండా ముందు కరెంటు వాళ్ళ 1912 నంబరుకి ఫోన్ చేయించండి. హైడ్రా (నగర విపత్తు సహాయక సంస్థ) బృందాలో ఇంకెవరో వచ్చి రంపం వేసేలోపే మొదలు దగ్గర నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయమనండి. లోపల బోలుగా ఉందా, వేళ్ళు ఇప్పుడు చీలాయా, ముందే తవ్వకంలో తెగి నల్లబడి ఉన్నాయా అన్నది అందులో కనబడుతుంది. దుంగలు లారీ ఎక్కాక ఆ సంగతి ఎవరూ తేల్చలేరు.