దెయ్యం సంగతి సరే, పేకాట మాట చెప్పు

చిరంజీవి నానికి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

అమెరికాలో న్యూ ఆర్లీన్స్ ఊరి పాతపేట ఫ్రెంచ్ క్వార్టర్‌లో పాత మేడ లీజుకు తీసుకుని హోటల్ పెడుతున్నావట. దెయ్యాల కొంపట కదా అని మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. నాకైతే ముందు గర్వంగా అనిపించింది. నిద్ర పట్టకపోవడం ఆ తర్వాత మాట.

లైసెన్సులు, ఇన్సూరెన్సు నీకు తెలిసినవే. బయటి గోడకు రంగు మార్చాలన్నా ఆ పేట పాత కట్టడాలను కాపాడే వ్యూ కారే కమిషన్ అనుమతి కావాలి, ముందు వేసేసి తర్వాత చూద్దామనకు. మే నెల సాయంత్రాల్లో అక్కడ దీపాల చుట్టూ రెక్కల చెదలు కమ్ముకుంటాయి. దూలాలు స్క్రూడ్రైవరుతో పొడిపించి చూశాకే సంతకం పెట్టు.

దెయ్యాన్ని మాత్రం తరమకు. జాక్సన్ స్క్వేర్ మూల మీద మ్యూరియల్స్ అనే హోటల్ వాళ్ళు రోజూ ఒక బల్ల మీద రొట్టె, వైన్ పెట్టి ఉంచుతారు, జోర్డాన్ అనే ఆయన కోసం. 1788లో ఊళ్ళో 850కి పైగా ఇళ్ళు తగలబడ్డాక, ఇప్పుడా హోటల్ ఉన్న కాలిన ఇంటిని కొని ముచ్చటపడి కట్టించుకున్నాడట. 1814లో పేకాటలో ఒడ్డి పోగొట్టుకున్నాడట. ఖాళీ చేసేలోగా మేడ మీదే ప్రాణం తీసుకున్నాడని చెప్తారు. ఏటా పిండాలు పెట్టే వాళ్ళం, ఆ బల్ల మనకేం వింత?

నా భయం ఆ పేకాట గురించేరా. మీ తాతయ్య సంక్రాంతికి కూర్చుంటే లేచేవాడు కాదు. చివరి ముక్కను బొటనవేలితో కొద్దికొద్దిగా జరుపుతూ చూసేవాడు. మా అమ్మ కంచం గడప దగ్గర పెట్టుకుని కూర్చునేది. ఒక భోగి తెల్లారేసరికి కాలవగట్టు చేను పోయింది. చెడ్డవాడు కాదు, పోయింది రాబట్టుకుందామనే ఆడాడు. చేను దక్కినవాళ్ళు మర్యాదస్తులు, ఏటా ఒక బస్తా ధాన్యం పంపేవాళ్ళు. ఆ బియ్యం వండిన రోజు ఆయన మజ్జిగ తాగి పడుకునేవాడు.

నువ్వు కాలేజీలో రాత్రంతా ఫోన్లో రమ్మీ ఆడిన సంగతి నాకు తెలుసు వెధవా, మీ అమ్మకు చెప్పలేదు. కెనాల్ స్ట్రీట్ చివర క్యాసినో నీకు నడిచి వెళ్ళేంత దూరం. హోటల్ కట్టేసేసరికి అర్ధరాత్రి దాటుతుంది, చేతిలో గల్లా డబ్బు, కంటికి నిద్ర రాదు. ఆ గంట గురించే నా బెంగ. డబ్బు ఏ రోజుది ఆ రోజు కోడలి చేతికివ్వు. లీజులో తన సంతకం కూడా ఉండాలి. తిట్టుకుంటే తిట్టుకో.

హాలోవీన్‌కి, అదే వాళ్ళ దెయ్యాల పండక్కి, ముందే తెరువు, జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. టికెట్టు నేనే కొనుక్కుంటాలే. మొదటి నెల గల్లా దగ్గర నేను కూర్చుంటాను, కుర్చీ కాస్త మెత్తనిది చూడు.

పెద్దమ్మ